బంగారు రంగు, ఉక్కు పళ్ళెం



పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే ఈ శీర్షికకు అందే ప్రశ్నల తీరు మారిపోతుంది. మహర్ గురించి, వలీమా గురించి, జహేజ్ గురించి అడిగేవారు పెరుగుతారు. ఈ మారు రెండు ప్రశ్నలు మమ్మల్ని ప్రత్యేకంగా ఆకర్షించాయి. ఒకటి ఎమ్మిగనూరు నుంచి, మరొకటి ఆదోని నుంచి.

ఎమ్మిగనూరు సోదరి తన కుమార్తె నికాహ్ కోసం ఆదోనికి వెళ్ళి, బంగారు రంగు తళతళలాడే స్టీలు భోజన పాత్రల సెట్టు ఒకటి కొన్నారు. అది బంగారు పూత అనీ, ఎన్నేళ్ళయినా వన్నె తగ్గదనీ అంగడిలో చెప్పారట. ఇంటికి తెచ్చాక ఆమె మామగారు దాన్ని చూసి, బంగారు పాత్రల్లో తినటం మన ధర్మంలో నిషిద్ధం కదా, ఇది గడప దాటి కొత్త ఇంటికి పోరాదు అన్నారు. పెట్టె ఇంకా విప్పలేదు. నికాహ్ దగ్గరపడుతోంది. పెద్దాయన మాట కాదనలేరు, కొన్న సొమ్ము వదులుకోలేరు. ఆదోని పెద్దమనిషి ప్రశ్న చిన్నదే: మనవడు కట్టుకున్న గడియారం స్టీలుది, పట్టీ రంగు మాత్రం బంగారం, అది ధరించి నమాజుకు నిలబడవచ్చునా?

రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. ఆ మెరుపు ఏమిటి? అది తెలియకుండా హలాల్, హరామ్ అన్న మాట ఎత్తటం తొందరపాటు. కనుక ముందు వస్తువు సంగతి చూద్దాం, ఆపైన ధర్మం సంగతి.

మొదటగా గ్రహించవలసినది, మనం నిత్యం వాడే మామూలు తెల్లని స్టీలు కూడా పూత గల లోహమే. ఆ పూతను మనిషి పూయలేదు, అంతే తేడా. ఇనుము గాలి, తేమ తగిలితే తుప్పు పడుతుంది. ఆ తుప్పు పొరలు పొరలుగా రాలిపోతుంది. రాలిన చోట కొత్త ఇనుము బయటపడి అదీ తుప్పు పడుతుంది. ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రేర్లీ అనే లోహ శాస్త్రజ్ఞుడు 1913లో తుపాకి గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెదుకుతూ, ఇనుములో క్రోమియం కలిపి చూశాడు. క్రోమియం తగినంత కలిసిన ఉక్కు ఆమ్లాలకు లొంగలేదు, మచ్చపడలేదు. నేడు కనీసం 10.5 శాతం క్రోమియం ఉన్న ఉక్కునే స్టెయిన్‌లెస్ స్టీలు అంటున్నారు. అందులోని క్రోమియం గాలిలోని ప్రాణవాయువుతో ఇనుము కంటే ముందే కలిసి, ఉపరితలమంతటా ఒక సన్నని ఆచ్ఛాదనగా పరుచుకుంటుంది. ఒక విధంగా అదీ తుప్పే. కానీ అది రాలదు, కనబడదు, తేమను లోనికి పోనివ్వదు. గీత పడితే, గాలి తగిలిన మరుక్షణమే ఆ గీతను తిరిగి కప్పేస్తుంది. దాని మందం రెండు, మూడు నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతుల్లో ఒక వంతు. మన వంటింట్లో ఇన్నేళ్ళుగా చింతపండు పులుసునూ, నిమ్మరసాన్నీ తట్టుకుంటున్నది ఆ పొరే.

ఇనుములో మనుషులకు ప్రయోజనాలున్నాయని దివ్యఖుర్ఆన్ అల్ హదీద్ సూరాలో అల్లాహ్ తెలియజేశాడు. శుక్రవారం నాడు మనం పారాయణం చేసే అల్ కహఫ్ సూరాలో జుల్ ఖర్నైన్ నిర్మించిన అడ్డుగోడ ప్రస్తావన కూడా ఉంది. ఇనుప దిమ్మెలను పేర్చి, ఎర్రగా కాల్చి, వాటిపై కరిగిన రాగిని పోయించిన వృత్తాంతం అది. ఒక లోహానికి మరో లోహాన్ని తోడు చేసి బలం పెంచే ఆలోచన మనిషికి కొత్తది కాదని చెప్పటానికే దీన్ని గుర్తు చేస్తున్నాము. ఖుర్ఆన్‌లో నేటి కర్మాగారపు సూత్రాలను వెదకటం మా ఉద్దేశం కాదు. ఆ అలవాటు మాకు రుచించదు కూడా.

ఇక బంగారు రంగు సంగతి. స్టీలు సామాన్ల అంగడిలో మనకు కనబడే బంగారు వన్నె మూడు రకాలుగా వస్తుంది. మొదటిది కేవలం రంగు లేదా లక్క వంటి పూత. రెండవది విద్యుత్తు సాయంతో వేసిన అసలు బంగారు పూత. మూడవది టైటానియం నైట్రైడ్ అనే పదార్థపు పలుచని పొర. మంచి స్టీలు భోజన సెట్లు, గడియారాలు, కుళాయిలు, తలుపు పిడులపై నేడు విరివిగా కనబడుతున్నది ఈ మూడవదే. ఇందులో రవ్వంత బంగారం కూడా ఉండదు.

దీన్ని వేసే పద్ధతి చిత్రమైనది. పళ్ళాలను, గిన్నెలను జిడ్డు ఏమాత్రం లేకుండా కడిగి ఆరబెట్టి, ఒక పెద్ద ఉక్కు గదిలో కొక్కేలకు తగిలిస్తారు. తలుపు బిగించి గదిలోని గాలినంతా పంపులతో తోడేస్తారు. కొంచెం ఆర్గాన్ వాయువు వదిలి, విద్యుత్తు ప్రయోగించి, దాని కణాలు పాత్రల ఉపరితలాన్ని తాకి మిగిలిన మలినాన్ని ఊడ్చేసేలా చేస్తారు. అటుపిమ్మట గది గోడలకు అమర్చిన టైటానియం పలకలపై విద్యుత్తు మెరుపును పుట్టిస్తారు. ఆ తాకిడికి టైటానియం ఆవిరిగా లేస్తుంది. సరిగ్గా అప్పుడే గదిలోకి నత్రజని వాయువును కొలిచి వదులుతారు. టైటానియం, నత్రజని కలిసి పాత్ర ఉపరితలంపై అణువు పక్కన అణువుగా పేరుకుంటాయి. టైటానియం స్వతహాగా బూడిద వన్నెది, నత్రజనికి రంగే లేదు. ఆ రెండింటి కలయిక మాత్రం పసిడి వన్నె! నత్రజని తగ్గితే రంగు పాలిపోతుంది. పెరిగితే ఎర్రదనం తిరుగుతుంది. టైటానియం బదులు జిర్కోనియం వాడితే లేత ఇత్తడి రంగు వస్తుంది.

ఈ పొర మందం సాధారణంగా ఒక మైక్రానుకు అటూ ఇటూ ఉంటుంది. అలంకారానికి వేసినదైతే అర మైక్రానే ఉండవచ్చు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత పలుచని పొర కాఠిన్యంలో మాత్రం పాత్ర ఉక్కు కంటే దాదాపు పది రెట్లు మిన్న. ఆదోని పత్తి మిల్లుల్లో, నూనె మిల్లుల్లో యంత్రాలు బాగుచేసే మన సోదరులకు ఇది కొత్త కాదు. ఉక్కుకు రంధ్రాలు వేసే డ్రిల్లు బిట్లలో పసుపు వన్నెవి వారు రోజూ చేతబడతారు. ఆ పసుపు ఇదే టైటానియం నైట్రైడ్. అక్కడ అది అందానికి వేసినది కాదు, బిట్టు మొన త్వరగా అరగకుండా వేసినది. శస్త్రచికిత్స పరికరాలకు, కొన్ని రకాల కృత్రిమ మోకాలి కీళ్ళకు కూడా దీన్నే వేస్తారు. శరీరం లోపల ఏళ్ళ తరబడి ఉండదగిన పదార్థం భోజన పళ్ళెం మీద ఉంటే భయపడనక్కరలేదు.

మన తెలుగునాట ఈ విద్యకు పేరుపొందిన కేంద్రం హైదరాబాదు శివార్లలోని బాలాపూర్‌లో ఉంది. ఏ.ఆర్.సి.ఐ. అని పిలిచే ఈ ప్రభుత్వ పరిశోధన సంస్థ పనిముట్లపై ఇటువంటి కఠినమైన పూతలు వేయటంతో పాటు, సూర్యుని వేడిని పట్టి నిలిపే పూతలను స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలపై వేసే పద్ధతులను కూడా అభివృద్ధి చేసింది. పశ్చిమ కర్నూలు ఎండ తెలిసినవారికి ఆ పని విలువ వేరే చెప్పాలా! సైన్సు చదివే పిల్లలున్న ఇళ్ళలో ఈ సంస్థ పేరు ఒకసారి వినిపించటం మంచిది. మన పిల్లలకు డాక్టరు, ఇంజనీరు అన్న రెండు మాటలు తప్ప మూడవది తెలియకుండా పెంచుతున్నాము.

ఎమ్మిగనూరు వారికి మరో దృష్టాంతం. మాచాని సోమప్ప గారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఆ ఊరి పేరును దేశమంతటా వినిపించింది. మగ్గం ముందు కూర్చున్నవారికి అచ్చు సంగతి తెలుసు. నూలుపోగులు ఆ అచ్చు పళ్ళ మధ్యగా వేలసార్లు, లక్షలసార్లు రాచుకుంటూ పోతాయి. దూది వంటి మెత్తనిది ఉక్కు వంటి గట్టిదాన్ని అరగదీస్తుందంటే నమ్మబుద్ధి కాదు, కానీ అరగదీస్తుంది. వస్త్ర యంత్రాలలో దారం రాచుకునే ఉక్కు భాగాలకు గట్టి పూతలు వేయటానికి కారణం అదే. తరతరాలుగా దూది ఏకి జీవించిన మన నూర్‌బాషా కుటుంబాల పెద్దలు ఈ మాట వింటే ఆశ్చర్యపడరు.

ఇప్పుడు ధర్మం సంగతి.

బంగారు, వెండి పాత్రల్లో తినటం, తాగటం గురించి దైవప్రవక్త (స) వారించిన హదీసులు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో స్పష్టంగా ఉన్నాయి. వెండి పాత్రలో తాగేవాడు తన కడుపులో నరకాగ్నిని నింపుకుంటున్నాడన్న తీవ్రమైన హెచ్చరికను విశ్వాసుల మాత హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించారు. హజ్రత్ హుజైఫా (రజి) మదాయిన్ నగరంలో ఉన్నప్పుడు మంచినీళ్ళు అడిగితే, అక్కడి స్థానిక ప్రముఖుడొకడు వెండి పాత్రలో తెచ్చి ఇచ్చాడు. ఆయన దాన్ని విసిరివేశారు. చుట్టూ ఉన్నవారికి, ఇదివరకే ఇతన్ని వారించాను, అందుకే ఇలా చేశానని చెప్పుకున్నారు. మదాయిన్ అంటే పారశీక చక్రవర్తుల రాజధాని. వెండి, బంగారు పాత్రలు అక్కడి ప్రభువుల వైభవానికి గుర్తులు. ఆ వైభవాన్ని జయించినవారు దాన్నే అలవాటు చేసుకోరాదన్న జాగ్రత్త ఆ సంఘటనలో మనకు కనబడుతుంది. కనుక ఎమ్మిగనూరు మామగారి ఆందోళన నిరాధారమైనది కాదు. ఇంటి పెద్ద అలా అడగటం మంచిదే.

అయితే నిషేధం దేనిమీద? బంగారం మీదనా, బంగారు రంగు మీదనా? దీనికి హదీసు గ్రంథాలలోనే ఒక దారి దొరుకుతుంది. దైవప్రవక్త (స) తమ వద్దకు వచ్చినప్పుడు ఇత్తడి పాత్రలో నీళ్ళు తెచ్చి ఇచ్చామనీ, ఆయన దానితో వుజూ చేశారనీ హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీలో ఉంది. ఇత్తడిని తోమి నీడన పెట్టి చూడండి, దాని రంగు ఏమిటో! పసుపు వన్నె మాత్రమే నిషిద్ధమై ఉంటే ఆ పాత్రలోని నీటితో వుజూ జరిగేది కాదు. నిషేధం పదార్థానికి సంబంధించినదని మేము అర్థం చేసుకుంటున్నాము.

బుఖారీలోనే మరో ఉదంతం ఉంది. దైవప్రవక్త (స) నీళ్ళు తాగే పాత్ర ఒకటి పగిలితే, ఆ పగులును వెండితో కలిపి అతికించారు. ఆ పాత్ర తరువాత హజ్రత్ అనస్ (రజి) వద్ద ఉండేది. దానికి ఒక ఇనుప కడియం ఉండేదనీ, దాన్ని తీసి బంగారు లేక వెండి కడియం వేయించాలని అనస్ (రజి) తలచారనీ, దైవప్రవక్త (స) చేసినదాన్ని మార్చవద్దని హజ్రత్ అబూ తల్హా (రజి) వారిస్తే మానుకున్నారనీ ఉంది. దైవప్రవక్త (స) చేతులు తాకిన పాత్ర, దానికి ఇనుప కడియం! జహేజ్ పట్టీలు రాసుకునే వేళ మన ఇళ్ళలో ఎవరైనా ఈ హదీసును చదివి వినిపిస్తే బాగుండును.

ఇందుచేత ఎమ్మిగనూరు సోదరికి మా సమాధానం: మీరు కొన్నది టైటానియం నైట్రైడ్ పొర గల స్టీలు అయితే, అది బంగారం కాదు. బంగారు పాత్రల నిషేధం దానికి వర్తిస్తుందనటానికి మాకు ఆధారం కనబడటం లేదు. మీ మామగారికి కోపం రాకుండా, ఇత్తడి పాత్ర హదీసును ముందు వినిపించి, తరువాత ఈ మాట చెప్పండి. ఒకవేళ అది నిజంగానే బంగారు పూత అయితే విషయం వేరు. పూత ఎంత, దాన్ని విడదీయవచ్చునా లేదా అన్న అంశాలను బట్టి ఫిఖహ్ పండితులు చర్చించారు. అటువంటప్పుడు వస్తువు వివరాలతో మీ ఊరి ఆలిమ్‌ను సంప్రదించటమే మార్గం. ఆదోని పెద్దమనిషికీ ఇదే సమాధానం. పట్టును, బంగారాన్ని చేతుల్లోకి తీసుకుని, ఈ రెండూ తమ సముదాయంలోని పురుషులకు నిషిద్ధమని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు ప్రసిద్ధమే. మనవడి గడియారం పట్టీ మీద ఉన్నది బంగారమా, టైటానియం నైట్రైడా అన్నది ముందు తేలాలి. కొన్ని ఖరీదైన గడియారాలకు అసలు బంగారు పూతే వేస్తారు. ఆ సంగతి వాటితో వచ్చిన కాగితంలో ఉంటుంది.

తేల్చుకోవటం ఎలా? కేవలం రంగు పూసినదైతే, పాత్ర అడుగున కనబడని చోట గోళ్ళరంగు చెరిపే ద్రవాన్ని దూదితో రుద్దితే రంగు మెత్తబడి దూదికి అంటుతుంది. టైటానియం నైట్రైడ్‌ను ఆ ద్రవం ఏమీ చేయలేదు. అసలు బంగారు పూత అన్న అనుమానం ఉంటే నమ్మకమైన కంసాలి వద్దకు పోవాలి. బంగారం మెత్తనిది గనుక గీటురాయి మీద పసుపు గీత వదులుతుంది. టైటానియం నైట్రైడ్ ఆ రాయి కంటే గట్టిది. బంగారపు గీత దాని నుంచి రాదు.

ఇక్కడితో ప్రశ్నలకు సమాధానం అయిపోయింది. కానీ సోదరి లేఖలోని ఒక మాట మమ్మల్ని వదలటం లేదు. అది బంగారు పూత అని అంగడిలో చెప్పారన్నారు. అమ్మినవారు తెలిసే చెప్పారో, తెలియక చెప్పారో మేము నిర్ణయించలేము. ఈ వ్యాపారంలో మన సోదరులు కూడా ఎందరో ఉన్నారు గనుక ఒక మాట చెప్పటం మా బాధ్యత.

దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన తడిపిందని వర్తకుడు చెప్పాడు. తడిసిన ధాన్యం జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తన వారిలోని వాడు కాడని ప్రకటించారు. ఆ వర్తకుడు ధాన్యంలో రాళ్ళు కలపలేదు, తూకం తగ్గించలేదు. పైపొర ఒకటి, లోపలిది మరొకటి ఉండనిచ్చాడు, అంతే. పూత వేసిన వస్తువులు అమ్మేవారు ఈ హదీసును తమ గల్లా పెట్టె దగ్గర రాసి పెట్టుకోవాలి. ఎందుకంటే పూత వ్యాపారంలో లోపలిది కొనుగోలుదారుకు ఎన్నటికీ కనబడదు.

కనబడని ఆ లోపలిదే అసలు విషయం. పాత్రలకు మేలైనదిగా పేరున్న 304 రకం ఉక్కులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ ఖరీదైనది. అందుచేత దాన్ని తగ్గించి మాంగనీసు పెంచిన 200 శ్రేణి ఉక్కులు బజారులో చౌకగా దొరుకుతాయి. అవి విషం కావు, వాటిని అమ్మటం తప్పూ కాదు. కానీ ఉప్పుకు త్వరగా లొంగుతాయి. ఆ ఉక్కు మీద బంగారు వన్నె పొర వేసి 304 అని చెప్పి అమ్మితే, ఆ ధర తేడా ఏ కోవలోకి వస్తుందో అమ్మినవారే ఆలోచించుకోవాలి. పైపొర ఉక్కును పూర్తిగా కాపాడుతుందనుకోవటం కూడా పొరపాటే. అంత పలుచని పొరలో కంటికి కనబడని సూదిమొన రంధ్రాలు ఉంటాయి. ఉప్పునీరు వాటిగుండా లోనికి దిగుతుంది. లోపలి ఉక్కు నాసిరకమైతే కొన్నాళ్ళకు బంగారు వన్నె మీద గోధుమరంగు చుక్కలు మొలుస్తాయి.

కొనేవారు చాలామంది అయస్కాంతం జేబులో వేసుకుని వెళతారు. అంటుకోకపోతే మంచి స్టీలు అని నమ్మకం. ఆ పరీక్ష మీద మరీ ఆధారపడవద్దు. 304 రకానికి అయస్కాంతం అంటుకోదన్నది నిజమే, కానీ 200 శ్రేణి ఉక్కుకూ అది అంటుకోదు. ఇండక్షన్ పొయ్యి కోసం చేసిన మంచి గిన్నె అడుగుకేమో తప్పక అంటుకుంటుంది! అంతకంటే ఐ.ఎస్.ఐ. గుర్తును చూడటం మేలు. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలకు ఈ గుర్తును తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు జారీ చేసింది. వీటికి వర్తించే ప్రమాణం సంఖ్య ఐ.ఎస్. 14756. పాత్ర మీద గుర్తు వెదకండి. బిల్లు మీద ఉక్కు రకం, పూత రకం రాసి ఇమ్మని అడగండి. నిజాయితీ గల వర్తకుడు రాసి ఇవ్వటానికి సంకోచించడు. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి, ఉన్న లోపాన్ని వివరించుకుంటే ఆ బేరంలో శుభం ఉంటుందని, దాచిపెడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఈ బిల్లు ముక్కకు కూడా వర్తిస్తుంది.

తూకంలో దగా చేసేవారి పేరు మీదుగానే ఖుర్ఆన్‌లో ఒక సూరా ఉంది, అల్ ముతఫ్ఫిఫీన్. అదే సూరాలో కొన్ని ఆయతుల తరువాత, మనుషులు చేస్తూ వచ్చిన పనులే వారి హృదయాల మీద తుప్పులా పేరుకున్నాయన్న భావం వస్తుంది. అరబీలో అక్కడ వాడిన మాటకు లోహం మీద పట్టే చిలుము అని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. బజారు మోసంతో మొదలైన సూరాలో ఈ మాట రావటం మమ్మల్ని చాలాసార్లు ఆపి ఆలోచింపజేసింది.

జహేజ్ గురించి ఈ శీర్షికలో ఎన్నోమార్లు రాశాము. మళ్ళీ రాసి విసిగించము. ఒక్క సంగతి మాత్రం. పసిడి వన్నె సెట్టు కొన్న ఇల్లు చూసి పక్కింటివారు కూడా అప్పు చేసి అదే కొనే పరిస్థితి మన పట్టణాల్లో వచ్చింది. కరువు ఏడాది గుంటూరు సీమకు మిరపకాయ కోతకు వలసపోయే కుటుంబాలున్న ప్రాంతం ఇది. బీజాపూరు సుల్తానుల కాలంలో సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన షాహీ జామియా మసీదు గల ఆదోనిలో, పెళ్ళికి వెండి వన్నె స్టీలు పెడితే చిన్నతనం అనుకునే ఆడపిల్ల తండ్రి ఉన్నాడంటే ఆ లోపం ఆయనది కాదు, చూసేవారి కళ్ళది.

ఇక ఇప్పటికే కొన్నవారికి వాడకం గురించి. ఈ పాత్రలు వడ్డనకే గాని పొయ్యి మీదికి కావు. ఉత్త పాత్రను మంట మీద మరిచిపోతే, వేడి 500 డిగ్రీలు దాటిన చోట ఆ పొర గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీలి, ఊదా రంగులకు మారిపోతుంది. ఆ మచ్చ ఇక పోదు. పొర ఎంత గట్టిదైనా దాని కింది ఉక్కు మెత్తనిది. మెత్తని పరుపు మీద గాజుపలక పరిచినట్టు అనుకోండి: కింద పడి సొట్టపోతే అక్కడ పొర చిట్లుతుంది. ఇనుప పీచుతో, ఇసుకతో, బూడిదతో తోమవద్దు. మెత్తని గుడ్డ, సబ్బు చాలు. ముఖ్యంగా మన ప్రాంతపు నీటి సంగతి గుర్తుంచుకోవాలి. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందని ఊళ్ళలో బోరు నీరే ఆధారం, అందులో చాలా చోట్ల ఉప్పు ఎక్కువ. ఆ నీటితో కడిగి తడిగానే బోర్లిస్తే తెల్లని మరకలు కడతాయి, క్రమంగా ఉక్కును కూడా తినివేస్తాయి. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవండి. ఊరగాయ, ఉప్పు కలిపిన మజ్జిగ రాత్రంతా నిల్వ ఉంచవద్దు. బట్టలు తెల్లబరచే బ్లీచింగును ఏ స్టీలు పాత్రకూ దగ్గరకు రానివ్వవద్దు.

సోదరి లేఖ చివర, అత్తగారి కాలం నాటి రాగి దేగు ఒకటి ఉందనీ, కొత్త స్టీలు వచ్చాక దాన్ని పాతసామాన్లకు వేసేయమంటున్నారనీ రాశారు. వేయవద్దు. వలీమా బిర్యానీకి దాన్ని మించినది లేదు. రాగి వేడిని అడుగంతటా సమంగా పంచుతుంది. దానికి కావలసినది కళాయి మాత్రమే. అది కూడా పలుచని లోహపు పొరే. శూన్యపు గది, విద్యుత్తు అవసరం లేకుండా బొగ్గుల పొయ్యి ముందు వేసేది. దేగును కాల్చి, నవసాగరం చల్లి రాగి మీది చిలుమును వదలగొట్టి, తగరపు కడ్డీని రాస్తారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది గనుక వెంటనే పారుతుంది. దూది ఉండతో లోపలంతా తుడుస్తూ పరిచేస్తారు. పులుపు తగిలి రాగి కూరలోకి దిగకుండా కాపాడేది ఆ పొరే. అది అరిగి లోపల ఎర్రదనం కనబడిందంటే మళ్ళీ కళాయి వేయించే దాకా అందులో వండరాదు. ఒక్క జాగ్రత్త: చౌకకోసం తగరంలో సీసం కలిపేవారుంటారు, సీసం పిల్లల మెదడుకు విషం. కళాయి వేసేవారు వచ్చినప్పుడు కడ్డీని చేతికి తీసుకుని చెవి దగ్గర పెట్టి కొంచెం వంచి చూడండి. శుద్ధమైన తగరం వంగేటప్పుడు కిరకిరమని సన్నగా చప్పుడు చేస్తుంది. సీసం ఎక్కువగా కలిసినది చప్పుడు చేయక మెత్తగా వంగిపోతుంది.